అక్టోబరులో హాల్లో కుండీలు: కొసలు మాడుతున్నాయి, ఏ మొక్క ఎక్కడ పెట్టాలి, నీళ్లెంత? (అనంతపురం)

కుండీ_అనంత

నమస్తే అండి. అనంతపురంలో రెండో అంతస్తు ఇల్లు. హాలు 16 అడుగులకు 11. దక్షిణానికి 4 అడుగుల ఎత్తు కిటికీ, దానిపైన అడుగున్నర సజ్జ. తూర్పున బాల్కనీ తలుపు. ఉత్తరాన చిన్న కిటికీ ఉంది కానీ ఎదురుగా పక్కింటి గోడ. నేల కడప బండలు.

మొక్కలు: అరెకా పామ్ (12 అంగుళాల కుండీ), రబ్బరు మొక్క (10 అంగుళాలు), స్నేక్ ప్లాంట్లు రెండు, మనీ ప్లాంట్లు మూడు, స్పైడర్ ప్లాంట్, పీస్ లిల్లీ, డ్రసీనా. చివరి ఎనిమిదీ 6 అంగుళాల కుండీలే. నీళ్లు బోరువి. ఎండాకాలం నుంచీ రోజు విడిచి రోజు అన్నిటికీ తలా ఒక చెంబు.

ఇబ్బందులు ఇవీ:

1. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి ఎండుతున్నాయి.
2. పీస్ లిల్లీ దక్షిణం కిటికీ గట్టు మీద వేసవంతా బాగుంది. ఈ నెల రెండో వారం నుంచి ఆకుల మీద తెల్లగా కాలిన మచ్చలు.
3. మనీ ప్లాంట్ కింది ఆకులు పసుపు. మట్టి ఎప్పుడూ తడే. కుండీ కదిపితే చిన్న నల్ల ఈగలు లేస్తున్నాయి.
4. కుండీలు జరిపితే బండల మీద తెల్లగా గుండ్రటి మరకలు.

దీపావళికి హాలు సర్దాలి. ఇంట్లో పాత ఇత్తడి గంగాళం ఒకటి, చెక్క స్టాండు ఒకటి ఉన్నాయి, వాటిని వాడాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

---

కేసీ_కాలువ (కర్నూలు)

రెండో ఇబ్బందితో మొదలుపెడతాను. అది అర్థమైతే ఏ కుండీ ఎక్కడుండాలో సగం తేలిపోతుంది.

పీస్ లిల్లీ ఉన్నచోటే ఉంది, జరిగింది ఎండ. అనంతపురానికి ఆగస్టు మధ్యలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికొచ్చి, అక్కడి నుంచి దక్షిణానికి దిగుతూ పోతాడు. మే, జూన్, జులైల్లో మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరాన ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీలోకి నేరుగా ఎండ రాదు, వెలుగే వస్తుంది. పీస్ లిల్లీకి కావలసింది అదే. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా లెక్క తిరగబడుతుంది.

మీ కొలతలతోనే చూడండి. సజ్జ కిటికీ పై అంచుకు ఆనుకుని ఉందనుకుంటే, ఈ నెలాఖరుకు మధ్యాహ్నం 12కి దాని నీడ కిందికి దాదాపు 2.9 అడుగులు దిగుతుంది. అంటే 4 అడుగుల కిటికీలో కింది అడుగంతా ఎండే, మీ లిల్లీ కూర్చున్నది సరిగ్గా అక్కడే. ఉదయం 9 గంటలప్పుడు ఇంకాస్త ఎక్కువ, అడుగున్నర దాకా పడుతుంది. డిసెంబరు 21 నాటికి మధ్యాహ్నపు నీడ 1.9 అడుగులకు తగ్గుతుంది, కిందిసగం మొత్తం ఎండే. కిటికీ గట్టు నేలకు 3 అడుగుల ఎత్తున ఉంటే, ఆ రోజుల్లో గోడ నుంచి 2 అడుగులకూ 4 అడుగులకూ మధ్య నేల మీద ఎండ పట్టీ కనిపిస్తుంది. ఆ పట్టీని సుద్దముక్కతో గీసి పెట్టుకుంటే ఫిబ్రవరి దాకా మళ్లీ ఆలోచించే పనుండదు.

దాన్ని బట్టి:

పీస్ లిల్లీని కిటికీకి 5 అడుగుల వెనక్కి జరపండి. కాలిన మచ్చలు మళ్లీ పచ్చబడవు. సగానికి పైగా కాలిన ఆకును మాత్రం కాడ మొదట్లో తీసేయండి, మిగతావి ఉండనివ్వండి. మచ్చున్న ఆకు కూడా మొక్కకు అన్నం పెడుతూనే ఉంటుంది.

దక్షిణం గట్టుకు ఇప్పుడు తగినవి రబ్బరు మొక్క, ఒక స్నేక్ ప్లాంట్. అయితే ఇన్నాళ్లూ నీడలో ఉన్నదాన్ని ఒక్కసారిగా ఎండలో పెడితే దీనికీ అదే గతి. మొదటి మూడు రోజులు గంట చొప్పున, తర్వాత నాలుగు రోజులు రెండు గంటల చొప్పున, పదో రోజుకు అక్కడే వదిలేయొచ్చు. జరపడం కుదరకపోతే పలచటి తెల్ల తెర కట్టండి. పాత వాయిల్ చీర ముక్క చాలు.

అరెకా తూర్పు బాల్కనీ తలుపు పక్కన. తొమ్మిదింటి దాకా వచ్చే లేత ఎండ దానికి సరిపోతుంది.

ఉత్తరం కిటికీ, ఎదురుగా గోడ: అక్కడ రెండో స్నేక్ ప్లాంట్ ఒక్కటే. అదీ అక్కడ పెరగదు, ఊరికే నిలబడి ఉంటుంది. మనీ ప్లాంట్ పెడితే ఆకులు చిన్నవై, కణుపుకూ కణుపుకూ మధ్య తీగ సాగిపోతుంది.

ఎక్కడ ఎంత వెలుగుందో తేల్చుకోవడానికి యంత్రాలక్కర్లేదు. ఉదయం పదింటికి కుండీ పెట్టబోయే చోట తెల్లకాగితం పెట్టి, అడుగు ఎత్తున అరచేయి పట్టండి. వేళ్ల అంచులు గీసినట్టు పడితే ఎక్కువ వెలుగు. చెయ్యి ఆకారం తెలుస్తూ అంచులు అలికినట్టుంటే మధ్యస్థం: మనీ ప్లాంట్, లిల్లీ, డ్రసీనా, స్పైడర్ నాలుగూ అక్కడే. నీడే తెలియకపోతే అక్కడ బతికున్న మొక్క వద్దు. తప్పదంటే 9 వాట్ల తెల్ల ఎల్ఈడీ బల్బు ఆకుల పైన అడుగు దూరంలో, రోజుకు 12 గంటలు. నెలకు మూడున్నర యూనిట్లు దాటదు.

చలి గురించి ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. మన దగ్గర డిసెంబరు రాత్రులు సగటున 16, 17 డిగ్రీలు. ఈ మొక్కల్లో ఏదీ దానికి వణకదు.

---

గడప_పచ్చన (కడప)

పైన అన్న ఎండ లెక్క చక్కగా చెప్పినాడు. నేను నీళ్ల సంగతి చెప్తా.

అన్నిటికీ తలా ఒక చెంబు, రోజు విడిచి రోజు అంటే, మీ మూడో ఇబ్బందికి కారణం ఆ చెంబే. మే నెలలో 40 డిగ్రీల వేడికి, పొడిగాలికి ఆ నీళ్లు ఆవిరైపోతాయి. ఇప్పుడు వానలు పడి గాలిలో తేమ ఉండాది, ఎండ తగ్గింది, మొక్క తాగేదీ తగ్గింది. నీళ్లు మటుకు అంతే పోస్తాంటే వేరుకు గాలి ఆడదు, కుళ్లుతాది. కింది ఆకులు మొదట పసుపైతాయి. దాన్ని చూసి నీళ్లు చాల్లేదేమో అని ఇంకో చెంబు పోసేవాళ్లే ఎక్కువ.

చీపురుపుల్ల తీసుకోండి, కొబ్బరి ఈనెల చీపురుది. కుండీ అంచుకూ మొక్కకూ నడుమ అడుగు దాకా గుచ్చి పది నిమిషాలు వదిలేయండి. బయటికి తీసి చూస్తే తడి ఎక్కడి దాకా ఉందో పుల్ల మీద రంగే చెప్తాది, మట్టి అంటుకొని ఉంటాది. మనీ ప్లాంట్, స్పైడర్, డ్రసీనాకు పైన రెండంగుళాలు పొడిగా ఉంటేనే పోయాల. లిల్లీకి ఒక అంగుళం. స్నేక్ ప్లాంటుకు పుల్ల అడుగు దాకా పొడిగా రావాల.

ఈ నెలల్లో అటూ ఇటూ ఇంత పడతాది: 6 అంగుళాల కుండీకి 300 నుంచి 400 మిల్లీలీటర్లు, వారానికి ఒకసారి. 10 అంగుళాలదానికి లీటరు, ఎనిమిది పది రోజులకు. అరెకా 12 అంగుళాలదానికి ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు, వారానికి. స్నేక్ ప్లాంటుకు పావు లీటరు, 15 నుంచి 20 రోజులకు ఒకసారి. పోసినప్పుడు మాత్రం కొసరొద్దు. అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, అరగంట తర్వాత సాసరులో నిలిచినవి పారబోయాల. రోజూ గుక్కెడు గుక్కెడు పోస్తే పైన బురద, కింద ఎండు.

ఇంక కొసలు మాడేది. స్పైడర్, డ్రసీనా రెండిటికే వచ్చిందన్నారు చూడండి, అదే గుర్తు. మన జిల్లాల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ, అనంతపురం వైపు మరీ. మామూలు ఉప్పులు కూడా ఎక్కువే. వేరు తాగిన నీళ్లతో ఫ్లోరైడు ఆకు కొస దాకా పోతాది. నీళ్లు ఆవిరైపోతాయి, అది అక్కడే పేరుకొంటాది. డ్రసీనా, స్పైడర్, పీస్ లిల్లీ దీన్ని ఓర్చుకోలేవు. మనీ ప్లాంటుకు, రబ్బరు మొక్కకు అంత పట్టింపు లేదు. ఓర్చుకోలేని ఆ మూడిటికి సింగిల్ సూపర్ ఫాస్ఫేటు ఎరువు కూడా వేయొద్దు, అందులోనూ ఫ్లోరైడు ఉంటాది.

చేయాల్సింది:

ఆ మూడు కుండీలను బాత్‌రూములోకి తీసుకుపోండి. 6 అంగుళాల కుండీలో రెండున్నర లీటర్ల మట్టి పడతాదనుకుంటే, దానికి రెండింతలు, అంటే 5 లీటర్ల మంచినీళ్లు నాలుగు విడతలుగా, విడతకూ విడతకూ పది నిమిషాలు ఆగి పోయండి. ఉప్పులు కరిగి కిందికి పోతాయి. మూడు నెలలకొకసారి ఇట్ల చేస్తే చాలు. మట్టి పైన తెల్లటి పెచ్చు కట్టి ఉంటే కడిగే ముందే పావు అంగుళం గీకి తీసేయాల.

ఇక మీదట ఆ మూడిటికి వాననీళ్లు, లేదంటే ఆర్వో నీళ్లు సగం, బోరు నీళ్లు సగం. ఆర్వో మిషను గొట్టంలోంచి బయటికి పోయే నీళ్లు మాత్రం చచ్చినా పోయొద్దు. వడగట్టిన ఉప్పులన్నీ వాటిలోనే ఉంటాయి. 'వృథా ఎందుకు' అని మొక్కలకు మళ్లించే ఇళ్లు చాలా ఉన్నాయి, ఆరు నెలల్లో ఆకులు అంచుల నుంచి మాడుకుంటా వస్తాయి. ఆ నీళ్లు బండలు కడిగేదానికి వాడుకోండి.

వాననీళ్లకు ఇప్పుడే అదును. అనంతపురానికి ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన, అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరులదే. 100 చదరపు అడుగుల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 90 లీటర్లు దిగుతాయి. మూడు చిన్న కుండీలకు సంక్రాంతి దాటేదాకా సరిపోతాయి. మొదటి పది నిమిషాల నీళ్లు వదిలేసి పట్టండి, డ్రమ్ము మూతికి గుడ్డ బిగించి కట్టండి, లేకపోతే దోమలు.

ఎండిన కొసలు కత్తిరించాలనుకుంటే ఆకు ఆకారంలోనే ఏటవాలుగా, గోధుమరంగు గీత సన్నగా మిగిలేట్టు కోయండి. పచ్చదాంట్లోకి కోస్తే ఆ అంచు మళ్లీ ఎండుతాది.

---

కుండీ_అనంత

ఇద్దరికీ ధన్యవాదాలు. పుల్ల గుచ్చి చూశాను, మనీ ప్లాంట్లు మూడూ అడుగు దాకా బురదే. రెండు సందేహాలు. బోరు నీళ్లు రాత్రంతా బకెట్లో నిలవుంచి పోస్తే సరిపోదా? లేకపోతే కాచి చల్లార్చి? ఇంకొకటి, రబ్బరు మొక్కకు కొత్తగా వచ్చిన రెండు ఆకులు పసుపుగా ఉన్నాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. దానికీ నీళ్లెక్కువేనా?

---

ఎర్రమట్టి (అనంతపురం)

నిలవ ఉంచితే పోయేది క్లోరిను. అది మున్సిపల్ కుళాయి నీళ్లలో ఉంటుంది, మీ బోరులో ఉండదు. ఫ్లోరైడు ఎన్నాళ్లు నిలవుంచినా పోదు. కాచితే ఇంకా చెరుపు: నీరు ఆవిరై తగ్గుతుంది, ఫ్లోరైడు అంతే ఉంటుంది, అంటే చిక్కబడుతుంది.

రబ్బరు మొక్కది వేరే జబ్బు. ఇలా గుర్తుపెట్టుకోండి: కింది ముదురాకు మొత్తం పసుపైతే నీళ్లెక్కువో నత్రజని తక్కువో. పై లేతాకు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. మట్టిలో ఇనుము లేక కాదు, మన ఎర్రమట్టికి ఆ ఎరుపే ఇనుముది. బోరు నీళ్ల సున్నం పేరుకుని మట్టి క్షారమైతే ఆ ఇనుము వేరుకు దొరకదు. వేరుశనగ చేలల్లో పైరు పాలిపోయినప్పుడు రైతులు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు, ఇనుము ఉప్పు) కొడతారే, జబ్బూ అదే, మందూ అదే, మోతాదే తక్కువ. లీటరు ఆర్వో నీళ్లలో ముందు అర గ్రాము నిమ్మఉప్పు కలిపి, ఆ తర్వాత 2 గ్రాముల అన్నభేది వేయండి. వరస తప్పితే ఇనుము తుప్పులా అడుక్కు దిగిపోతుంది. అన్నభేది లేతపచ్చ పలుకుల్లా ఉండాలి, డబ్బాలో గోధుమరంగు పొడిగా మారినది కొనకండి. సాయంత్రం పూట, పది రోజుల తేడాతో రెండుసార్లు, లేతాకుల రెండు వైపులా పిచికారీ. బాల్కనీలో పాత గోనెపట్టా పరిచి కొట్టండి. బండ మీద పడితే తుప్పు మరక మిగిలిపోతుంది.

ఇక మనీ ప్లాంట్లు. అడుగు దాకా బురద అంటున్నారు కాబట్టి ఆరేదాకా ఎదురుచూడకండి, కుండీలోంచి తీసి వేళ్లు చూడండి. మంచి వేరు తెల్లగా గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరును రెండు వేళ్లతో పట్టి లాగితే పైతోలు జారి చేతికొస్తుంది, లోపల దారంలాంటి పోగు మిగులుతుంది, మురుగువాసన. కుళ్లినదంతా కత్తిరించేయండి. సగం వేళ్లు పోతే తీగను కూడా సగానికి కోయాలి, లేకపోతే ఉన్న వేళ్లు అన్ని ఆకులకు నీళ్లు అందించలేవు. కోసిన తీగల్ని కణుపు మునిగేట్టు గాజుసీసాలో పెట్టండి, రెండు మూడు వారాల్లో వేళ్లొస్తాయి.

కొత్త మట్టి పాళ్లు, ఏ డబ్బాతో కొలిచినా సరే: జల్లించిన ఎర్రమట్టి 2, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) 2, వర్మీకంపోస్టు 1, దొడ్డు ఇసుక గానీ కాల్చిన వరి ఊక గానీ 1. పది లీటర్ల మిశ్రమానికి 50 గ్రాముల వేపపిండి. కోకోపీట్ ఇటుకను నానబెట్టి, పిండి, మూడుసార్లు నీళ్లు మార్చండి, అందులోనూ ఉప్పు ఉంటుంది. ఒట్టి ఎర్రమట్టి నింపితే నాలుగుసార్లు నీళ్లు పోసేసరికి ఇటుకలా బిగుస్తుంది. నంద్యాల, తాడిపత్రి వైపు నల్లరేగడి ఇంటి కుండీకి అసలొద్దు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుండీ అంచును వదిలేసి నెర్రె ఇస్తుంది, పోసిన నీళ్లు ఆ నెర్రెలోంచి జారిపోతాయి, వేరుముద్ద పొడిగానే ఉంటుంది. కడియం నర్సరీల నుంచి లారీల్లో దిగే మొక్కలు చాలావాటికి జిగట మట్టిముద్ద ఉంటుంది, ఎండితే దానిదీ ఇదే తంతు. అలాంటిది కొంటే మొదట కుండీతో సహా అరగంట నీళ్ల టబ్బులో కూర్చోబెట్టండి, తర్వాత ముద్ద అంచులు వేళ్లతో వదులుచేసి కొత్త మట్టిలోకి మార్చండి.

మన జిల్లాలో బుడ్డల (వేరుశనగ) పొట్టు ఊరికే దొరుకుతుంది కదా అని చాలామంది పచ్చిది కలిపేస్తారు. అది కుళ్లేటప్పుడు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటుంది, ఇంట్లో బూజు కూడా. బాగా చివికినదో కాల్చినదో అయితే సరే. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు మిద్దె మీది కుండీలకు ఎంత మంచివైనా హాల్లోకి తేకండి. వాసన సంగతి సరే, ఈగలకు అంతకన్నా విందు లేదు.

ఆ నల్ల ఈగల పిల్లలు మట్టి పైన ఒక అంగుళంలోనే ఉంటాయి, తడి ఉన్నంత కాలం పుడుతూనే ఉంటాయి. పై అంగుళం ఎండనిచ్చి, అర అంగుళం మందాన పొడి ఇసుక పరచండి. పసుపు అట్టముక్కకు ఆముదం రాసి కుండీకో పుల్లకు గుచ్చండి. ఎగిరేవి దానికి అంటుకుంటాయి. మూడు వారాలు వదలకుండా చేయాలి, ఒక వారానికే తగ్గాయని ఆపేస్తే గుడ్లలోంచి రెండో జట్టు వస్తుంది. టీ పొడి వడపోత కుండీల్లో వేస్తుంటే మానేయండి, చక్కెర టీ అయితే చీమలు కూడా.

డిసెంబరు నుంచి గాలి పొడిబారాక అరెకా ఆకుల అడుగున ఎర్రనల్లి చూసుకోండి. ఆకు మీద సూదితో పొడిచినట్టు సన్న చుక్కలు, అడుగున సాలెపట్టు లాంటి నూలు. వారానికోసారి ఆకుల అడుగు భాగాన్ని నీళ్లతో కడగడమే సగం మందు. మిగతా సగానికి లీటరు గోరువెచ్చని నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, పావు చెంచా గిన్నెల సబ్బుద్రవం. ముందు ఒక్క మట్టకు కొట్టి రెండు రోజులు చూసి, తర్వాత మిగతావాటికి. పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కోదాన్ని తుడిచేయండి.

---

కేసీ_కాలువ

ఒక చిన్న చేర్పు. కుండీ మార్చేటప్పుడు అడుగున రెండంగుళాలు గులకరాళ్లు వేస్తే నీళ్లు బాగా దిగుతాయి కదా, మీరు చెప్పలేదు.

---

ఎర్రమట్టి

కావాలనే చెప్పలేదు. సన్నమట్టిలోని నీరు దొడ్డు రాళ్లలోకి వెంటనే దిగదు. మట్టి పూర్తిగా నిండి ఇక పట్టనప్పుడే దిగుతుంది. అందువల్ల కుండీ అడుగున ఉండాల్సిన తడిపొర రాళ్ల పైకి, వేళ్లకు దగ్గరగా వస్తుంది. ఆరంగుళాల కుండీలో రెండంగుళాలు రాళ్లకిస్తే వేరుకు మిగిలేది నాలుగే. రంధ్రం మీద ఒక పెంకు బోర్లించండి, లేదా దోమతెర ముక్క వేయండి. మట్టి కారిపోకుండా ఆపడమే దాని పని.

---

బండ_బాల్కనీ (కడప)

సర్దడం గురించి ఎవరూ చెప్పలేదు, ఆ భాగం నాకు వదిలేసినట్టున్నారు.

ముందు బండలు. కడప బండ సున్నపురాయి జాతి. ఆ తెల్ల మరకలు కుండీ అడుగు నుంచి కారిన నీటి ఉప్పులు. గట్టి బ్రష్షు, మామూలు నీళ్లు, అంతే. నిమ్మకాయ, వెనిగరు, బాత్‌రూము యాసిడ్ ఏవీ తగలనివ్వకండి. పులుపు తగిలితే రాయి నురగ కక్కి పైమెరుపు పోతుంది, పాలిష్ పట్టిస్తే తప్ప రాదు. గంగాళాన్ని చింతపండుతో తోమేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త: బండ మీద కాదు, సిమెంటు తొట్టిలో తోమండి. ఇకపై ప్రతి మట్టికుండీ కిందా గాజు గానీ ప్లాస్టిక్ గానీ సాసరు ఉండాలి. మట్టి సాసరు చెమ్మ వదులుతుంది, దాని కిందా మరక పడుతుంది. సాసరు కింద అర అంగుళం ఎత్తున మూడు చెక్క బిళ్లలు పెడితే గాలి ఆడుతుంది.

గంగాళంలో నేరుగా మట్టి పోయకండి. అడుగున రంధ్రం లేదు, ఎరువు, తడి కలిసి ఇత్తడి పచ్చగా చిలుము పడుతుంది. లోపల ఇటుకముక్క పెట్టి, దాని మీద మొక్కను ప్లాస్టిక్ కుండీతో సహా దించండి. కుండీ అంచు గంగాళం అంచుకు అంగుళం కింద ఉండాలి. ఎత్తుగా కనిపిస్తే అరువు తెచ్చిన చొక్కాలా ఉంటుంది. ఖాళీలో కొబ్బరిపీచు కుక్కడం అందంగానే ఉంటుంది కానీ, లోపల నీళ్లు నిలిస్తే కనపడదు. నీళ్లు పోయాల్సినప్పుడు బయటికి తీసి, కారిపోయాక తిరిగి దించండి. అందుకే గంగాళంలోకి రబ్బరు మొక్కో అరెకానో వద్దు, ఎత్తలేరు. 12 అంగుళాల కుండీ ఒట్టి ఎర్రమట్టితో తడిస్తే పాతిక కిలోలు అవుతుంది. బాగా కాలిన ఆకులు తీసేశాక మీ పీస్ లిల్లీ దానికి సరిపోతుంది. ఇత్తడి పసుపు మీద ముదురాకుపచ్చ, తెల్లపువ్వు వస్తే ఇంకేం కావాలి.

పది కుండీల్ని గోడ వెంట వరసగా పేరిస్తే నర్సరీ షెడ్డులా ఉంటుంది. మీ హాలుకు రెండే గుంపులు చాలు. ఒకటి తూర్పు తలుపు పక్కన: వెనక అరెకా, ముందు పక్కగా చెక్క స్టాండు మీద డ్రసీనా, వాటి పాదాల దగ్గర గంగాళం. గంగాళం దక్షిణం గోడకు 5 అడుగుల ఇవతలే ఉండాలి, పైన చెప్పిన ఎండ పట్టీ దాటాక. మూడు ఎత్తులు, ఒకదాని తల ఇంకొకదాని నడుం దగ్గరికి వచ్చేట్టు. రెండో గుంపు దక్షిణం కిటికీ దగ్గర: గట్టు మీద స్నేక్ ప్లాంట్, ఎండ పట్టీలో నేల మీద రబ్బరు మొక్క. మనీ ప్లాంట్లు కోలుకున్నాక ఒకటి అల్మరా పైనుంచి జారనివ్వండి, తీగ మూడడుగులు దాటితే కొస కోయండి, మొదట్లో కొత్త చిగుళ్లు వేస్తుంది. స్పైడర్ వేలాడదీస్తే బాగుంటుంది కానీ కంటి ఎత్తుకు, స్టూలెక్కాల్సిన చోట వేలాడే మొక్క నీళ్లు లేకే పోతుంది.

నేల నలుపు కాబట్టి నల్ల, ముదురు నీలం కుండీలు కొనకండి, సాయంత్రానికి నేలలో కలిసిపోయి మొక్క గాల్లో తేలినట్టుంటుంది. పచ్చిమట్టి రంగు, గోధుమ, సున్నపు తెలుపు, వీటిలో ఏదో ఒక్కటి ఎంచుకుని అన్నీ అవే. గోడకు నాలుగంగుళాల ఎడం. పండక్కి సున్నాలు వేయిస్తే ముందే మొక్కల్ని బయట పెట్టండి, ఆకుల మీద పడిన సున్నపు చుక్కలు ఎండాక గోకితే ఆకు చిరుగుతుంది.

దుమ్ము పదిహేను రోజులకోసారి తడి మెత్తటి గుడ్డతో తుడవాలి, అరచేయి ఆకు కింద ఆనించి, కాడ నుంచి కొసకు. మెరుపు కోసం కొబ్బరినూనె, మజ్జిగ రాయకండి. నూనెకు దుమ్ము ఇంకా పట్టుకుంటుంది, ఆకు ఊపిరి రంధ్రాలు మూసుకుంటాయి.

దీపాల వరసకు, కుండీలకు మధ్య రెండడుగులు వదలండి. అరెకా ఎండుమట్టలు ముందే తీసేయండి, అవి గడ్డివాములా అంటుకుంటాయి. ధూపం పొగ నేరుగా ఆకులకు తగలకూడదు. టపాసుల రోజు బాల్కనీ తలుపు మూసి, మర్నాడు ఆకులు ఒకసారి తుడవండి.

ఇంట్లో పాకే పిల్లలుంటే మనీ ప్లాంట్, పీస్ లిల్లీ రెండూ అందని ఎత్తున పెట్టాలి. అవి మన చేమ జాతివే, పచ్చి చేమాకు కొరికితే గొంతు ఎలా దురదపెడుతుందో వీటికీ అంతే, లోపల అవే సూదుల్లాంటి స్ఫటికాలు. అప్పుడు గంగాళంలో లిల్లీ బదులు స్పైడర్ పెట్టండి.

---

కుండీ_అనంత

గుంపుల సలహా బాగుంది, సుద్దగీత కూడా గీసేశాను. చివరిది: పండక్కి ఐదారు రోజులు ఊరెళ్తాం, తలుపులన్నీ మూసి ఉంటాయి. సీసాలు బోర్లించి వెళ్లనా?

---

గడప_పచ్చన

అక్కర్లేదు. ఈ నెలలో ఆరు రోజులకు ఏ కుండీ చావదు, సీసా బోర్లిస్తే మనీ ప్లాంటుకు మళ్లీ బురదే. బయల్దేరే ముందురోజు పొద్దున పుల్ల గుచ్చి, కావలసినవాటికే కారేదాకా పోసి, సాయంత్రానికి సాసర్లు ఖాళీ చేయండి. గట్టు మీద స్నేక్ ప్లాంట్ తప్ప మిగతావన్నీ సుద్దగీతకు రెండడుగుల ఇవతలికి లాగండి. తెర వేసి పోండి, మూసిన ఇంట్లో గాజు వెనక ఎండ ఎక్కువ కాలుస్తాది. వచ్చినాక వెంటనే చెంబు ఎత్తుకోవద్దు, ముందు పుల్ల.